నీళ్ళలో ఇచ్చిన మాట

మొగలిలంక,
జూలై 9

ఒసే దుర్గా,

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. ఏలూరు హాస్టల్లో ఉన్నప్పుడు సెలవులకి ఇళ్ళకెళ్ళి ఒకళ్ళకొకళ్ళం రాసుకునేవాళ్ళం, గుర్తుందా. మళ్ళీ ఇదేం పిచ్చి అనుకోకు. మా ఇంట్లో సిగ్నల్ ఉండదు. చేపల చెరువు గట్టెక్కితే తప్ప ఫోను పలకదు. అక్కడ మేత చల్లేవాళ్ళు, వల లాగేవాళ్ళు, అందరూ చెవులు అప్పగించి వింటారు. నీతో చెప్పుకోవాల్సినవి ఊరంతా వినేవి కావు. అందుకని కొల్లేటి నీళ్ళ సీసాలు తీసుకెళ్ళే మీ ఐసుపెట్టెలోనే ఈ కాగితం పెడుతున్నాను. మంగళవారం మంగళవారం ఆ పెట్టె గూడెం వస్తుంది కదా, జవాబు కూడా అందులోనే పంపు.

అసలు సంగతి చెప్తాను. నిన్న పెద్దలు కూర్చున్నారు. మీ యూనివర్సిటీ వాళ్ళు ఐదేళ్ళు ఊరితో కలిసి పనిచేస్తారంటే సరే అన్నారు. నీళ్ళు పరీక్ష చేస్తారంటే సరే అన్నారు. ఆడవాళ్ళ జుట్టు కావాలన్నావు చూడు, అక్కడొచ్చింది తంటా. "జుట్టు పరాయివాళ్ళ చేతికిస్తే చేతబడి చేస్తారే" అని మా అత్తగారే మొదలెట్టారు. సగం ఊరు ఆవిడ వెనకే. నేను లేచి, ఒంట్లోకి విషం ఏదైనా చేరుతుంటే దాని జాడ జుట్టులో నిలిచి ఉంటుందట, అందుకు అడుగుతున్నారు అని చెప్పాను. అంగన్వాడీ టీచర్ని కదా, పిల్లల్ని నాకు అప్పగించినవాళ్ళు నా మాట కాదనలేకపోయారు.

చివరికి మా ఊరి పెద్ద జయరాజు గారు అన్నారు: "ఇద్దామమ్మా. కానీ ఏం తేలిందో తీసుకెళ్ళినావిడే వచ్చి, ఊరి ముందు నిలబడి, తన నోటితో చెప్పాలి. బయట ఎవరికీ చెప్పకముందే చెప్పాలి. ఇంకొకళ్ళ నోట వింటే ఒప్పుకోం. దీనికి పూచీ ఎవరు?"

మా ఊళ్ళో పూచీ అంటే సంతకం కాదే. కొల్లేట్లో నడుంలోతు నీళ్ళలో నిలబడి, పెద్దింట్లమ్మ తల్లి పేరు చెప్పి మాటివ్వాలి. పైఊరి మనిషి తరఫున ఊరి మనిషే దిగాలి. నీ తరఫున నేను దిగాను. మావారు వెంకట్రాజు గట్టు మీద నుంచి నా వంక అదోలా చూశారు. ముందు నాదీ, మా అమ్మాయి పావనిదీ జుట్టు కత్తిరించి ఇచ్చాను. తర్వాత అందరూ వరస కట్టారు.

మాట తప్పితే పూచీ ఉన్న ఇంటిని వెలివేస్తారు. నువ్వు తప్పవని నాకు తెలుసులే, ఊరికే చెప్తున్నాను.

పీతల కూర పంపుదామనుకున్నాను గానీ, నీ సీసాల పక్కన పెడితే మీ ప్రొఫెసరు గారు తిట్టిపోస్తారని మానేశాను.

నీ
మాణిక్యం


తాడేపల్లిగూడెం,
జూలై 16

నా రత్నమాణిక్యానికి,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. హాస్టల్ బాత్రూంలో బల్లి కనిపిస్తే గుమ్మం దగ్గరే నిలబడిపోయేదానివి. నా కోసం కొల్లేట్లో దిగావా.

యూనివర్సిటీలు ఊళ్ళకెళ్ళడం నేను చాలా చూశానే. కార్లో దిగుతారు, ప్రశ్నలు అడిగి కాగితాలు నింపుకుంటారు, సర్పంచి గారితో ఫోటో దిగుతారు, మళ్ళీ ఆ ఊరి పేరు కూడా గుర్తుండదు. మాది కొత్తగా పెట్టిన ప్రైవేటు యూనివర్సిటీ. ఇక్కడైనా అలా కాకూడదని పట్టుబట్టి ఈ ప్రాజెక్టు రాశాను. ఊరు ఏది అడిగితే అదే పరీక్షించాలి. తేలింది ముందు ఊరికే చెప్పాలి. ఐదేళ్ళు అయిపోయాక కూడా మీరు మా గుమ్మంలోకి, మేం మీ గుమ్మంలోకి రాగలగాలి. మా ప్రొఫెసరు ఆనంద్ పాల్ గారు "ఆలోచన బాగుందమ్మా, నిధులు నేను చూస్తాన్లే" అన్నారు.

మీ జయరాజు గారితో చెప్పు. దసరా లోపు ఫలితాలు వస్తాయి. నేనే వస్తాను, నా నోటితోనే చెబుతాను.

ఒక్క సందేహం. మొన్న వచ్చినప్పుడు పావని చెయ్యి పట్టుకుంటే అరచెయ్యి గరుగ్గా తగిలింది. ఎప్పటి నుంచి అలా ఉంది? మీరు తాగేవి ఏ నీళ్ళు?

నీ
దుర్గ


మొగలిలంక,
ఆగస్టు 20

దుర్గా,

పావని చేతుల సంగతి అడిగావు. ఏడాది పైనే అయింది. ఏలూరులో డాక్టరు గారు ఏదో ఆయింట్‌మెంట్ రాశారు, పనిచెయ్యలేదు. నువ్వు అడిగాక మా సెంటర్లో పిల్లలందరి చేతులూ తిప్పి చూశాను. చాలామందికి అలాగే ఉన్నాయి. మా అత్తగారికైతే మెడ కింద వానచినుకులు పడ్డట్టు నల్లటి మచ్చలు. వయసు అనుకున్నాం. పావనికి కడుపునొప్పి కూడా వస్తూంటుంది. బడి ఎగ్గొట్టడానికి వేషాలని నేనే కసిరేదాన్ని.

తాగేది ప్లాంటు నీళ్ళే. ఇదివరకు మంచినీళ్ళ చెరువు నీళ్ళు కాచుకుని తాగేవాళ్ళం. అవి పచ్చగా, నాచు వాసనతో ఉండేవి. మూడేళ్ళ కిందట చేపల మేత కంపెనీ వాళ్ళు రేవు పక్కన లోతుగా బోరు వేసి వాటర్ ప్లాంటు పెట్టించారు. నీళ్ళు అద్దంలా ఉంటాయే, నోట్లో పోసుకుంటే తియ్యగా దిగుతాయి. మా సెంటర్లో అన్నం, పప్పు, అన్నీ వాటితోనే. ఊరి చివర యేసుదాసు వాళ్ళిల్లు ఒక్కటే ఇంకా చెరువు నీళ్ళు తాగుతుంది, అంత దూరం టిన్ను మొయ్యలేక. వాళ్ళ పిల్లల చేతులు మాత్రం నున్నగా ఉన్నాయి. ఏంటో మరి.

ఇంకోటి. ప్లాంటు గోడకి కొత్తగా రంగులేశారు. కంపెనీ పేరు కింద మీ యూనివర్సిటీ పేరు కూడా పెద్దక్షరాలతో రాశారు. నువ్వు చెప్పలేదేం?

మాణిక్యం


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 24

మాణిక్యం,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. గోడ మీద మా పేరు సంగతి నాకూ తర్వాతే తెలిసింది. మేత కంపెనీ వాళ్ళు మన ప్రాజెక్టులో భాగస్వాములుగా చేరారు. కొత్త ల్యాబు కట్టిస్తున్నారు. ఆనంద్ పాల్ గారే మాట్లాడి తెచ్చారు. డబ్బు లేకపోతే ఐదేళ్ళ పని ఏడాదిలో ఆగిపోయేది కదా.

కొత్త ఒప్పందం మీద అందరం సంతకాలు పెట్టాం. చాలా పేజీలుంది. అన్నీ మామూలు షరతులేనన్నారు.

యేసుదాసు గారి పిల్లల గురించి రాశావు. ఆ ఇంటి చెరువు నీళ్ళు, ప్లాంటు నీళ్ళు విడివిడిగా రెండు సీసాలు పంపించు. ఎవరికీ చెప్పకు.

దుర్గ


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 22

మాణిక్యానికి,

సీసాలు అందాయి. దసరాకి రాలేకపోయాను. ఫలితాలు ప్రస్తుతం సమీక్షలో ఉన్నాయి. అన్ని భాగస్వామ్య సంస్థలూ పరిశీలించాక తగిన సమయంలో ఊరికి తెలియజేయడం జరుగుతుంది. పెద్దలకి ఈ మాట చెప్పు.

పావనిని కొన్నాళ్ళు పెదపాడులో మీ అమ్మగారి దగ్గర ఉంచకూడదూ? చదువుకి ఏమీ కాదులే. ఊరికే అంటున్నాను.

శ్రీదుర్గ


మొగలిలంక,
నవంబరు 12

దుర్గా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు రాసినట్టు లేదు. "తెలియజేయడం జరుగుతుంది" అంటే ఎవరు తెలియజేస్తారే? నువ్వు కదా రావాల్సింది?

పావనిని పెదపాడు ఎందుకు పంపమన్నావు? చదువు మధ్యలో పిల్లని ఎక్కడికి పంపను? ఊరికే అన్నావు. నువ్వు ఊరికే అనే మనిషివి కావు.

దీపావళి కూడా వెళ్ళిపోయింది. జయరాజు గారు సెంటరు మీదుగా వెళ్తూ "మీ స్నేహితురాలు ఎప్పుడొస్తుందమ్మా" అని అడుగుతున్నారు. మెల్లగానే అడుగుతారు. ఆయన అరిచినా బాగుండును. మా తోడికోడలికి మూడోనెల కడుపు పోయింది. ఇది రెండోసారి. రోజూ నీరసం అంటే ప్లాంటు నీళ్ళే ఎక్కువ తాగమని నేనే చెప్పేదాన్ని.

వచ్చి చెప్పు. ఏదైనా సరే, వచ్చి చెప్పు.

మాణిక్యం


మొగలిలంక,
డిసెంబరు 18

డాక్టర్ శ్రీదుర్గ గారికి నమస్కారాలు.

మీరు క్షేమమని తలుస్తాను. ఐసుపెట్టె రావడం మానేసింది కాబట్టి ఇది పోస్టులో వేస్తున్నానండి.

ఈ నెల మొదట్లో ఏలూరులో మేత కంపెనీ వాళ్ళు సభ పెట్టారు. అందులో మీ ఆనంద్ పాల్ గారు మాట్లాడుతూ, మొగలిలంక మహిళల జుట్టు పరీక్షించామని, ఎక్కడా ఆందోళన పడాల్సిందేమీ లేదని, ప్లాంటు నీళ్ళు నిక్షేపంలా ఉన్నాయని సెలవిచ్చారట. పేపర్లో ఫోటోతో వేశారు. ఆ ఫోటోలో వెనక వరసలో మీరు కూడా ఉన్నారండి.

జయరాజు గారు ఆ పేపరు నా చేతికిచ్చి చదవమన్నారు. చదివాను. ఆయన ఒక్కటే అడిగారు. "ఇది ఆవిడ నోరా అమ్మా?" కాదండి అన్నాను. ఇంక మాట్లాడటానికేముంది. మంచి వార్తేగా అని మావారు అడ్డుపడబోయారు. "మంచో చెడో కాదు వెంకట్రాజు, మాట మాటే" అన్నారు పెద్దలు.

ఇప్పుడు మా ఇంటికి ఎవరూ రారండి. కొట్లో సరుకులివ్వరు. మావారి పడవ రేవులో ఖాళీగా ఉంది. సెంటరు తలుపులు తీసి కూర్చుంటాను, ఒక్క పిల్ల కూడా రాదు. పలకలు, బొమ్మలు తుడిచి మళ్ళీ అక్కడే పెడతాను. ప్లాంటు దగ్గరకెళ్తే నా టిన్ను చూసి పంపు కట్టేశారు. మళ్ళీ పాత చెరువు నీళ్ళే కాచుకుని తాగుతున్నామండి.

మీరు సంతకం పెట్టిన ఒప్పందం చాలా పేజీలని రాశారు. నేను ఇచ్చిన మాట ఒక్కటేనండి.

ఇట్లు,
రత్నమాణిక్యం


తాడేపల్లిగూడెం,
జనవరి 6

మాణిక్యం,

నన్ను గారు అనకే. తిట్టు, కొట్టు, ఆ మాట మాత్రం అనకు.

సభకి అందరూ రావాలన్నారు, వెళ్ళాను. ఆయన అలా చెబుతారని తెలియదు. చెప్పాక లేచి కాదనలేదు. ఒప్పందంలో ఒక షరతు ఉంది: భాగస్వాములందరూ ఒప్పుకోకుండా ఫలితాలు ఎవరికీ చెప్పకూడదు. కంపెనీ కూడా భాగస్వామే. ఊరు కూడా భాగస్వామి కదండీ అని ఆనంద్ పాల్ గారిని అడిగాను. "ఊరు సంతకం ఎక్కడుందమ్మా, చూపించు" అన్నారు. నువ్వు నీళ్ళలో నిలబడి ఇచ్చిన మాటకి ఆ కాగితాల్లో చోటు లేదు. ఆ చోటు నేనే పెట్టించాల్సింది. ఊళ్ళో అందరూ నోటిమాట మీదే నడుస్తారులే, మళ్ళీ కాగితం ఎందుకు అనుకున్నాను.

నీకు ఒక మాట రాస్తాను. కోపం తెచ్చుకో, పర్వాలేదు. ప్లాంటు నీళ్ళు ఆపేశారని రాశావు. అది చదివినప్పుడు నాకు ఏడుపు రాలేదు. మంచం మీద కూర్చుని, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఇంతకంటే అడగకు.

దుర్గ


మొగలిలంక,
ఫిబ్రవరి 4

దుర్గా,

అడుగుతున్నాను.

మేం వెలిలో ఉండి రెండు నెలలు దాటింది. పావని కడుపునొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. అన్నం పెట్టమని తనే అడుగుతోంది. మావారికి కూడా నీరసం తగ్గింది. ఊరు మమ్మల్ని శిక్షించింది, మేం తేరుకుంటున్నాం. నిన్న యేసుదాసు చెరువు మెట్ల దగ్గర కనిపించి, "మీరు కూడా ఈ నీళ్ళకే వచ్చేశారా టీచర్ గారూ" అని నవ్వాడు. బిందె పక్కన పెట్టి మెట్ల మీద కూలబడ్డాను.

నీకు ఎప్పట్నుంచి తెలుసు? పెదపాడు పంపమన్నప్పుడే తెలుసు కదూ. నా పిల్ల ఒక్కదాన్ని తప్పిద్దామనుకున్నావు. మరి మిగతా పిల్లలో? వాళ్ళకి నా చేత్తో గ్లాసుల్లో పోసి తాగించాను దుర్గా. "తాగండి, మంచినీళ్ళు" అని పాట కట్టి మరీ తాగించాను. మా తోడికోడలు మళ్ళీ నెల తప్పింది. వాళ్ళు మాతో మాట్లాడరు. గోడవతల బిందెలో ప్లాంటు నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపిస్తుంది. నేను ఇవతల నిలబడి వింటాను.

ఏముంది ఆ నీళ్ళలో?

మాణిక్యం


తాడేపల్లిగూడెం,
ఫిబ్రవరి 11

మాణిక్యం,

ఆర్సెనిక్. పాషాణం అంటారే, అదే. లోతు బోరు నీళ్ళలోంచి వస్తోంది. ప్లాంటులో దాన్ని పట్టి ఆపే వడపోత సామాను ఎప్పుడో పాడైపోయింది, మళ్ళీ పెట్టలేదు. ఇసుక, బొగ్గు పొరల్లోంచి పంపి వదులుతున్నారు. అందుకే అద్దంలా ఉంటాయి. రంగు ఉండదు, వాసన ఉండదు. కాచినా పోదు. నువ్వు పంపిన రెండు సీసాల్లో ప్లాంటు సీసా నిండా అదే. యేసుదాసు గారి చెరువు నీళ్ళలో లేదు. ఊరి ఆడవాళ్ళ జుట్టులో ఉంది, ఆ ఇంటి వాళ్ళ జుట్టులో లేదు. అక్టోబరు నుంచి నాకు తెలుసు.

ఆనంద్ పాల్ గారికి చూపించాను. మళ్ళీ పరీక్షించాలి, తొందరపడొద్దు అన్నారు. నన్ను పర్మినెంటు చేసే ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. తొందరపడలేదు. రోజూ రేపు చెబుదాం అనుకుని పడుకున్నాను.

ఫోన్లో మెసేజి పెడితే అది ఎక్కడెక్కడికి పోతుందో అని భయం, అందుకే ఇదీ ఉత్తరంలోనే రాస్తున్నాను. చూడు, ఇప్పుడు కూడా నా భయం గురించే రాస్తున్నాను.

ఊరికి చెప్పవే. ఇవాళే చెప్పు. మీ తోడికోడలికి ముందు చెప్పు. నా పేరు మాత్రం బయటికి రానీకు. నేను ఇప్పుడు రాలేను. నువ్వు చెబితే వింటారు, ఆ రోజు విన్నట్టే.

దుర్గ


మొగలిలంక,
ఫిబ్రవరి 24

దుర్గా,

నీ ఉత్తరం అందిన రోజే, పెద్దలు కూర్చునే రామాలయం ముందుకెళ్ళి నిలబడ్డాను. వెలిలో ఉన్న మనిషి పిలవకుండా అక్కడికి రాకూడదు. వచ్చాను, చెప్పాను. నీ పేరు చెప్పలేదు.

నా మాట వింటారన్నావు. ఆ రోజు విన్నారు, ఎందుకంటే ఆ రోజు నేను మాట తప్పని మనిషిని. ఇప్పుడు ఏమన్నారో తెలుసా? "ప్లాంటు నీళ్ళు ఆపామని ప్లాంటుకే పేరు పెడుతోంది" అన్నారు. పేపర్లో ప్రొఫెసరు గారే బాగున్నాయన్నారు కదా అని చూపించారు. మా తోడికోడలు నా వంక చూసి మొహం తిప్పుకుని, "నా కడుపు మీద ఎందుకక్కా ఏడుస్తావు" అంది. అది మాత్రం భరించలేకపోయాను.

జయరాజు గారు నా ముందుకొచ్చి నిలబడ్డారు. ఆయన చేతులు చూశాను. గరుగ్గా, నల్లగా, వేళ్ళ సందుల్లో పగిలి ఉన్నాయి. "అమ్మా, నిజమే అనుకుందాం. జుట్టు తీసుకెళ్ళినావిడ ఏదీ? ఆవిడ వచ్చి చెబితే ఇప్పుడే ప్లాంటుకి తాళం వేయిస్తాను. ఇంకొకళ్ళ నోట ఒప్పుకోమని ఆ రోజే అన్నాను కదా" అన్నారు. తర్వాత ఆయనకే నా మీద జాలి వేసింది. "పోనీ, ఆ మాట వెనక్కి తీసుకుని అందరి ముందూ ఒక గ్లాసు తాగు తల్లీ, వెలి ఎత్తేద్దాం. నిన్నిలా చూడలేకపోతున్నాం" అన్నారు. మనసారా అన్నారే, అదే నా బాధ. పరిగెత్తుకెళ్ళి స్టీలు గ్లాసు నిండా చల్లటి నీళ్ళు పట్టుకొచ్చారు.

మాట వెనక్కి తీసుకోను, నీళ్ళు తాగుతాను అన్నాను. తాగాను. తియ్యగానే ఉన్నాయి. మా తోడికోడలు వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. ఊరంతా సంతోషపడింది. మాట వెనక్కి తీసుకోకపోయినా వెలి ఎత్తేశారు.

పిచ్చిదాన్ని అనుకుంటావేమో. లెక్క చూసుకునే తాగాను. వెలిలో ఉంటే గోడవతల బిందె చప్పుడు వినడం తప్ప ఇంకేం చెయ్యలేను. ఇప్పుడు సెంటరుకి పిల్లలు వస్తున్నారు. వాళ్ళకి మాత్రం చెరువు నీళ్ళు కాచి పోస్తున్నాను, అన్నం కూడా వాటితోనే. తోడికోడలికి కూడా నా బిందె నీళ్ళతోనే మజ్జిగ చేసి పంపుతున్నాను. అది ప్లాంటు వాళ్ళ కంటపడింది. పెద్దలు మళ్ళీ కూర్చుని ఒక షరతు పెట్టారు. పిల్లలకి ఏ నీళ్ళైనా పొయ్యి, నువ్వు మాత్రం రోజూ పొద్దున్న ప్లాంటు దగ్గరకొచ్చి అందరూ చూస్తుండగా ఒక గ్లాసు తాగాలి, లేకపోతే ఊరు బెదిరిపోతుంది అన్నారు. ఒప్పుకున్నాను.

పావనిని పెదపాడు పంపేశాను. నువ్వు చెప్పిన మాటే.

మావారు రోజూ నాతో ప్లాంటు దాకా వస్తారు. గ్లాసు తను తాగుతానని మొదటి రోజు గొడవ పెట్టుకున్నారు. "నీళ్ళలో దిగింది నేను కదండీ" అన్నాను. ఇప్పుడు పక్కనే నిలబడతారు. నేను తాగుతున్నంతసేపూ కొల్లేటి వైపు తిరిగి ఉంటారు.

దుర్గా, నాకు నీ మీద కోపం పోలేదు. పోదు కూడా. కానీ నువ్వు తప్ప ఈ పంపు కట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఇంక ఉత్తరాలు రాయకు, వచ్చినా విప్పను. ఈసారి మీ యూనివర్సిటీ కార్లో వద్దు, ఏలూరులో కలిదిండి బస్సెక్కు, రేవు దగ్గర దిగి ఎవర్నడిగినా ప్లాంటు చూపిస్తారు. గోడ మీద మీ పేరే ఉంటుంది. పొద్దున్నే రా. నేను అక్కడే ఉంటాను, గ్లాసు పట్టుకుని.

మాణిక్యం